నేను వచ్చేదాకా సెల్ఫ్ కొట్టకు

తెనాలి,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "నాన్నా, పాత ఫియట్ ఒకటి కొన్నాను, మొదట ఏం చెయ్యాలి?" అంటే కాసేపు నాకు మాట రాలేదు. సిగ్నల్ పోయిందనుకుని నువ్వు హలో హలో అన్నావు. సిగ్నల్‌కేం కాలేదు. పక్కన మీ అమ్మ "ఎవరికేమైంది" అని కంగారు పడింది. సంగతి చెప్తే "మళ్ళీ మొదలా" అంటూ వంటింట్లోకి వెళ్ళి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి "ఏ రంగుట?" అని అడిగింది.

ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ముఖ్యమైనది. నేను వచ్చేదాకా సెల్ఫ్ కొట్టకు. బ్యాటరీ కూడా తగిలించకు. పన్నెండేళ్ళు షెడ్డులో కదలకుండా ఉన్న బండి అది. పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరు గోడల్ని పట్టేసి ఉంటాయి. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే రింగులు విరగొచ్చు, సిలిండరు లోపలి బోరు గీరుకుపోవచ్చు. వైర్లు ఎలుకలు కొరికి ఉంటాయి. బ్యాటరీ పెట్టగానే తొడుగు ఊడిన వైరు రేకుకి తగిలిందంటే మంటే. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజనాయిల్లో కాస్త డీజిల్ కలిపి, ఒక్కో సిలిండర్లో మూడు నాలుగు చెంచాలు పొయ్యి. పైన శుభ్రమైన గుడ్డ కప్పు. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఇంకో చెంచా. అంతకుమించి ఏమీ వద్దు. ఒక్కసారి తిప్పి చూద్దామని నీ చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు. ఆగు.

నువ్వు పంపిన ఫొటోలు పొద్దున్నుంచి ఎన్నిసార్లు చూశానో. 1973 మోడల్, అదీ ప్రీమియర్ ప్రెసిడెంట్! బొంబాయి కుర్లాలో 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్ పేరుతో చేసిన బండికి తర్వాత ప్రెసిడెంట్ అని పేరు పెట్టారు. 1974లో పద్మిని అన్నారు, ఇక చివరిదాకా పద్మినే. ప్రెసిడెంట్ అన్న పేరు నడిచింది కొద్దికాలమే. నేను ఇన్నేళ్ళలో చూసినవి రెండో మూడో. వెనకాల ఆ అక్షరాలు మసిబట్టి ఉన్నాయి చూడు, వాటిని బ్రష్షుతో రుద్దకు. సబ్బునీళ్ళలో ముంచిన మెత్తని గుడ్డతో తుడువు చాలు.

ఇక నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు బండి కొనకపోయుంటే చెప్పేవాణ్ణి కాదేమో.

నా మొదటి కారు హెరాల్డ్ అనుకుంటావు నువ్వు. కాదు. నువ్వు పుట్టకముందు, 1988లో, ఒక రైసుమిల్లు ఆసామి దగ్గర 22 వేలకి అంబాసిడర్ కొన్నాను. 1969 మోడల్, మార్క్ 2, ముందు గళ్ళ గ్రిల్లు ఉండేది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తెచ్చి కలకత్తా పక్కన ఉత్తరపారాలో 2014 దాకా చేశారే, ఆ బండి. స్టీరింగు పక్కనే గేరు, ముందు సీటు బల్లలా ఒకటే, లైటు దించే డిప్పరు కాలితో నొక్కాలి. 1489 సీసీ పెట్రోలింజను, అందులోకి పెట్రోలునీ గాలినీ కలిపి పంపే ఎస్‌యూ కార్బురేటరు. కార్బురేటరు పైన చిన్న మూత తిప్పి అప్పుడప్పుడూ నాలుగు చుక్కల ఆయిల్ పొయ్యాలి. అది ఎండిపోతే యాక్సిలరేటరు తొక్కగానే బండి దగ్గుతుంది. ఇంజను అలా మాట్లాడుతుందని నాకు మొదటిసారి తెలిసింది ఆ బండితోనే. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తే, వేడెక్కి సర్దుకున్నాక, బానెట్ మీద చెయ్యి పెడితే కదలిక తెలిసేది కాదు.

1990లో గల్ఫ్ గొడవ వచ్చి పెట్రోలు పెరిగింది. డీజిల్ ధర అందులో సగం కూడా లేదు. కాలువల శాఖలో నా జీతమెంత, నా తిరుగుడెంత. అందరూ పెట్రోలింజను తీసేసి డీజిల్ పెట్టించుకుంటున్నారు. నేనూ 1991లో బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాను. విప్పేసిన టాక్సీ డీజిలింజను దొరికింది. మేస్త్రి పని మొదలుపెట్టే ముందు ఒకటే మాట అన్నాడు. "బాబూ, ఈ పెట్రోలింజను అమ్మకండి. గోనెపట్టా కప్పి మూలన పడేసుకోండి. తిండి పెట్టాలా, నీళ్ళు పెట్టాలా." మనం అద్దె ఇంట్లో ఉన్నాం, పెట్టే చోటు లేదన్నాను. అది సాకు. డీజిలింజను ఖర్చులో కొంతైనా వెనక్కి వస్తుందని నా ఆశ.

పాత ఇనుము కొట్లో దాన్ని కాటా మీద పెట్టారు. అడుగు నుంచి నల్లటి ఆయిల్ బొట్టుబొట్టుగా కాటా పలక మీద పడుతోంది. కొట్టువాడు సుత్తి తెచ్చి కార్బురేటరు మీద రెండు దెబ్బలు వేశాడు. అది అల్యూమినియం, దాని రేటు వేరు, అందుకని. రెండో దెబ్బకి ముక్కలై కింద పడింది. ముందు ఆదివారమే నేను దాన్ని విప్పి పెట్రోలుతో కడిగి, దాని లోపలి చిన్న పిస్టన్ వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కూర్చుంటోందో లేదో చూసి బిగించాను. డబ్బులు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఆ బండిని ఐదేళ్ళు నడిపాను గానీ, అది నా బండి కాదు. స్టీరింగు వణికేది, తలుపుల అద్దాలు గలగలలాడేవి, పక్కన కూర్చున్న మీ అమ్మతో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేది. ఆర్సీ పుస్తకంలో పాత ఇంజను నంబరు కొట్టేసి పైన కొత్తది రాశారు. 1996లో అమ్మేశాను. బండి పోయిందని బెంగ లేదు. ఆ సుత్తి దెబ్బలు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

హెరాల్డ్ విషయంలో నేను అంత చాదస్తంగా ఎందుకున్నానో ఇప్పుడు నీకు అర్థమవుతుంది. చిన్న వాషర్ కూడా పారెయ్యనివ్వలేదని మీ అమ్మ ఎన్నిసార్లు విసుక్కుందో.

అది 1998లో మచిలీపట్నంలో ఒక పాత పెంకుటింటి వసారాలో దొరికింది. 1966 మోడల్, రెండు తలుపులది. మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు చేసిన ట్రయంఫ్ హెరాల్డ్. గీసినవాడు ఇటలీవాడు మికెలోట్టి. సముద్రపు గాలికి కింద అంతా తినేసింది. చాసిస్ అంటే బండి కింది ఇనప చట్రం, దాని నుంచి పక్కలకి చాచిన ఇనప చేతులుంటాయి, బాడీ వాటి మీద నిలబడుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలా విరిగాయి. అయితే ఆ బండికి ఒక గుణముంది. బాడీ అంతా ముక్కలుముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. టాపు కూడా విప్పి పక్కన పెట్టొచ్చు. అలాగే విప్పాం. పెరట్లో చాసిస్, వసారాలో బాడీ, మంచం కింద తలుపులు. మూడేళ్ళు.

నీకు అప్పుడు ఏడో ఏడు. బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి తెరుచుకునేది. నువ్వు ముందు టైరు మీద కూర్చుని, నేను విప్పిన నట్లూ బోల్టులూ హార్లిక్స్ సీసాల్లో వేసి, నోటుపుస్తకం కాగితం చింపి అన్నంతో అంటించేదానివి. "కుడి తలుపు పై బోల్టు", "ఎడమ లైటు స్క్రూలు 3". ఆ చీటీలు చీమలు తినేస్తే మళ్ళీ రాసేదానివి.

రంగు సంగతి గుర్తుందా? నేను బుద్ధి తక్కువై మెటాలిక్ వెండి రంగు వేయిద్దామనుకున్నాను. పెయింటరుకి అడ్వాన్సు కూడా ఇచ్చాను. మర్నాడు డ్యాష్‌బోర్డు విప్పుతుంటే, నువ్వు టార్చి పట్టుకుని కింద వెల్లకిలా పడుకుని "నాన్నా, ఇక్కడ పిస్తా రంగుంది" అన్నావు. నేనూ దూరి చూశాను. స్పీడోమీటరు వెనక అరచేతి మేర, ముప్పై రెండేళ్ళు ఎండ తగలని రంగు. పిస్తాపప్పు పొట్టు తీస్తే లోపల కనపడే లేత పచ్చ. మనం అదే కలిపించాం. డ్యూకో పెయింటు, పొర ఎండాక నీళ్ళ కాగితంతో రుద్ది మళ్ళీ పొర. నాలుగోసారి కలిపాక గానీ ఆ మచ్చకి సరిపోలేదు. సరిపోయిందని చెప్పింది కూడా నువ్వే.

సామాను కోసం మద్రాసు పుదుపేటకి ఎన్నిసార్లు వెళ్ళానో. ఒకసారి రెండు రోజులు తిరిగితే ఒక టెయిల్ లైటు గ్లాసు దొరికింది. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

కోటప్పకొండ నుంచి వస్తూ చీకట్లో ఆగిపోయిన రోజు కూడా రాయాలి, నీకు పనికొస్తుంది. డెల్కో, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా, దాని మూత తీస్తే లోపల కరెంటుని కలిపి విడదీసే పాయింటు స్క్రూ వదులై, సందు మూసుకుపోయింది. హెరాల్డ్‌కి పాయింటు సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, ఉండాలి. సందు కొలిచే గేజీ ఇంట్లో ఉంది. కిళ్ళీ కొట్లో గడ్డం గీసుకునే బ్లేళ్ళు కొన్నాను. ఒక్కో బ్లేడు 0.1 మిల్లీమీటరు. నాలుగు కలిపితే 0.4, అంటే దగ్గర దగ్గర 15 థౌ. వాటిని సందులో దూర్చి, కాస్త ఒరుసుకుంటూ జారేలా స్క్రూ బిగించాను. హ్యాండిల్ ఒక్క తిప్పుకి అందుకుంది. ఫియట్ లెక్క వేరు. దాని పుస్తకంలో చూసి నీ లెక్కన బ్లేళ్ళు పెట్టుకో.

2012లో హెరాల్డ్‌ని కోయంబత్తూరు ఆయనకి ఇచ్చినప్పుడు నువ్వు హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడ్చావు. నేను ఏడవలేదని కోపగించుకున్నావు కూడా. నాకు ఏడుపు రాలేదమ్మా. పుట్టినప్పటి ఇంజనుతో, పుట్టినప్పటి రంగుతో పంపాను. మనం మార్చిన పాత సామాను కూడా గోనెసంచీలో కట్టి డిక్కీలో పెట్టాను. ఆయన ఏటా సంక్రాంతికి ఫొటో పంపుతాడు. మొన్నటిదాంట్లో ఆయన మనవరాలు టైరు మీద కూర్చుని ఉంది.

ఆ తర్వాత పదకొండేళ్ళు నడిపిన మారుతి 800 గురించి రాయడానికి పెద్దగా లేదు. ఎక్కడా నిలబెట్టలేదు. దానికి నేను రుణపడి ఉన్నాను.

ఇక నీ ఫియట్. హెరాల్డ్‌లా దీనికి విడిగా చాసిస్ లేదు. బాడీయే దాని వెన్నెముక. కాబట్టి రంగు కాదు, నేల చూడాలి. మ్యాట్లు ఎత్తి, డ్రైవరు కాళ్ళ దగ్గర, తలుపుల కింద పట్టీలో, డిక్కీలో స్టెప్నీ గుంటలో సుత్తి పిడితో తట్టు. ఠంగుమంటే మంచిదే. డబ్బుమంటే లోపల తుప్పు. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి చేతిరుమాల్లో చుట్టి బాడీ అంతా తిప్పు. రేకు మీద పట్టుకుంటుంది, లప్పం పెట్టిన చోట జారిపోతుంది. ఆ చోట్లన్నీ సుద్దతో గుర్తు పెట్టు. నేను వచ్చేసరికి బండి నిండా సుద్ద గీతలు కనపడినా దిగులుపడకు.

వేసవిలో ఫియట్‌కి ఒక అలవాటుంది. మీ మావయ్య ఫియట్‌లో మే నెలలో భద్రాచలం వెళ్తూ ఎన్నిసార్లు ఆగామో. ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి కార్బురేటరుకి అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే మళ్ళీ కదిలేది. మెకానిక్కెవరైనా దానికి ఎలక్ట్రిక్ పంపు పెట్టేస్తానంటాడు. పెట్టనివ్వకు. తడిగుడ్డ చాలు.

కాయితాల సంగతి. 2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి విడిగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అనే అక్షరాలతో కొత్త నంబరిస్తారు. ఇదివరకే రిజిస్టరైన బండి అయితే పాత నంబరే ఉంచుకోవచ్చు. నీ బండి యాభై దాటింది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదని ఉంది అందులో. చదివినప్పుడు నా అంబాసిడరే గుర్తొచ్చింది. అలా రిజిస్టరు చేస్తే రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళడం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, రిపేరుకీ మాత్రమే. అది నువ్వూ అల్లుడుగారూ కూర్చుని తేల్చుకోండి. ఏది ఎలా ఉన్నా ఆర్సీలో ఇంజను నంబరూ, ఇంజను మీద చెక్కిన నంబరూ ఒకటేనో కాదో ఈ రాత్రే చూసి నాకు మెసేజి పెట్టు. ఒకటే అయితే, తల్లీ, ఆ ఇంజనుకి ఎంత ఖర్చయినా బోరు కొట్టించి అదే పెడదాం. సగం నేను పెట్టుకుంటాను.

శనివారం పొద్దున్న రైలుకి వస్తున్నాను. పానాల పెట్టె తెస్తున్నాను, ఇంచీ సైజువి ఇంట్లోనే వదిలేస్తున్నాను, ఫియట్‌కి మిల్లీమీటరువి కావాలి. మీ అమ్మ అటక మీద నుంచి హార్లిక్స్ సీసాలు దింపి కడిగి ఎండలో బోర్లించింది. పదకొండున్నాయి. ఒకదాని మీద "ఎడమ లైటు స్క్రూలు" అన్న చీటీ ఇంకా ఊడలేదు, దాన్ని కడగకుండా అలాగే తెస్తున్నాను.

ఉంటాను,
నాన్న