న్యూయార్క్ స్టేట్ కంట్రోలర్ టామ్ డినాపోలి గారికి బహిరంగ లేఖ

డినాపోలి గారూ, నమస్కారం. 18 ఏళ్ళకే స్కూల్ బోర్డుకి గెలిచారు, 1987 నుంచి 20 ఏళ్ళు అసెంబ్లీలో ఉన్నారు, 2007లో మీకు ముందు కంట్రోలర్‌గా ఉన్న అలన్ హెవెసీ స్థానంలో లెజిస్లేచర్ మిమ్మల్ని రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే ఆ పదవిలో పెట్టింది, అప్పట్నుంచి 10 లక్షల మందికి పైగా ఉద్యోగులు, రిటైరైనవాళ్ళ పెన్షన్ ఫండ్‌కి మీరొక్కరే ట్రస్టీ, అంటే ఆ డబ్బు మీద నిర్ణయాలన్నీ మీ ఒక్కరివే. మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదండి, ఫండ్ డబ్బుని పెట్టుబడి కంపెనీలకి ఇప్పించి కమిషన్ తీసుకునే ప్లేస్‌మెంట్ ఏజెంట్లని 2009లో బ్యాన్ చేసింది మీరే. కానీ అదే కుర్చీలో కూర్చున్న హెవెసీ ఆ ఫండ్ లంచాల కేసులోనే 2011లో జైలుకెళ్ళారు కదా. రోడ్లమీద మంచు తీసి తీసి ముసలైనవాళ్ళు నెలనెలా ఆ డబ్బుతోనే మందులు కొనుక్కుంటారు, వాళ్ళ బతుకు ఒక్క మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. న్యూయార్క్ సిటీ పెన్షన్లకి ఉన్నట్టు ఉద్యోగుల ప్రతినిధులతో ట్రస్టీల బోర్డు పెట్టమని లెజిస్లేచర్‌ని మీరే అడగండి, మీరు పదవిలో ఉండగానే.