పిడికెడు బియ్యం ఏమైంది?

సంపాదకులకు,

అయ్యా,

కోతలు ముగుస్తున్న ఈ రోజుల్లో చర్చిల్లో జరిగే కోత పండుగల వార్తలు మీ జిల్లా పేజీలో వరుసగా చదువుతున్నాను. ఏ సంఘంలో ఎంత కానుక వచ్చింది, ఎవరు ఎంత చందా ప్రకటించారు, పేదలకు ఎన్ని దుప్పట్లు పంచారు అన్న వివరాలు వాటిలో తప్పకుండా ఉంటున్నాయి. ఆ దుప్పట్లు పుచ్చుకున్నవాళ్ళు సంఘానికి ఏమిచ్చారన్నది మాత్రం ఏ వార్తలోనూ కనిపించలేదు. వాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఏముంటుందని ఎవరైనా అడగవచ్చు. బ్యాంకు ఉద్యోగంలో మూడేళ్ళు మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో గడిపిన నాకు ఆ ప్రశ్నకు జవాబు అక్కడి ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘంలో దొరికింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి గోడవారగా ఉన్న పాత పాలడబ్బాలో వేసేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వండిన ప్రతిసారీ అంతే. వారానికోసారి సంఘంలోని స్త్రీలు ఇద్దరు వచ్చి ఆ డబ్బాను తమ సంచిలో బోర్లించుకుని పక్కింటికి వెళ్ళేవారు. వీధి చివరికి చేరేసరికి ఆ సంచిలో సన్నబియ్యమూ, రేషన్ బియ్యమూ, కొండ పొలాల్లో పండిన ముతక బియ్యమూ కలగలిసిపోయి ఏ గింజ ఎవరిదో చెప్పే వీలుండేది కాదు. మిజో భాషలో దీన్ని ‘బుహ్‌ఫాయ్ థమ్’ అంటారు. పిడికెడు బియ్యం అని అర్థం. పోగైన బియ్యాన్ని అమ్మి వచ్చిన సొమ్మును సంఘానికి జమచేస్తారు. కడుపుకు తినే ఇల్లు ప్రతిదీ ఇవ్వగలిగిన కానుక ఇది. అక్కడి స్త్రీలు దీన్ని 1910లో మొదలుపెట్టారు. మరుసటి ఏడే వెదురు పూసి, ఆ గింజలు తిని ఎలుకలు మందలు మందలుగా పెరిగి పంటంతా తినేసి, మిజోలు ‘మౌతామ్’ అని పిలిచే కరువు వచ్చింది. అప్పుడు పిడికెడు తీయడమంటే ఏమిటో ఊహించుకోవలసిందే. అయినా ఆ అలవాటు కరువును దాటి నూరేళ్ళకు పైగా నిలిచింది.

బియ్యం ఒక్కటే ఉంటే ఇంత కాలం నిలిచేది కాదని, దాని వెనక ఒక కట్టుబాటు ఉందని బ్యాంకు లెక్కలకు అలవాటుపడిన నాకు అనిపించింది. 1894లో వచ్చిన లొరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు మిజో భాషకు రోమన్ లిపిలో అక్షరాలు కూర్చి వెళ్ళాక, 1897లో వేల్స్ నుంచి వచ్చిన డి. ఇ. జోన్స్ మొదలైనవారి కృషితో ఐజ్వాల్ ప్రాంతంలో ప్రెస్బిటేరియన్ సంఘం పెరిగింది. ప్రెస్బిటేరియన్ అంటే పెద్దల పాలన గల సంఘమని అర్థం. సభ్యులే పెద్దలను ఎన్నుకుంటారు. అక్కడ వారిని ‘ఉపా’ అని గౌరవంగా పిలుస్తారు. వారికి జీతం ఉండదు. కానుకలు పై సభ అయిన సినడ్‌కు చేరతాయి, కాపరుల (పాస్టర్ల) జీతాలు అక్కడి నుంచి వస్తాయి. కొండ మీది పేద పల్లెలో పనిచేసే కాపరికి ఆ పల్లె పేదరికం జీతంలో కోతగా మారదు. ఊళ్ళో డబ్బున్నవాడి మొహం చూసి ప్రసంగం చెప్పవలసిన అవసరమూ రాదు. మన వీధుల్లో ఎవరి చర్చి వారిది, ఎవరి ట్రస్టు వారిది, ఎవరి బోర్డు మీద వారి ఫోటో అన్నట్టుగా సాగుతున్న వ్యవహారాన్ని చూసినప్పుడల్లా ఈ తేడా నాకు గుర్తుకొస్తుంది.

మైదాన ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళను మిజోలు ‘వాయ్’ అంటారు. మేమూ వాయ్‌లమే. మొదట్లో బియ్యం పోగుచేసే స్త్రీలు మా గుమ్మం ముందు నుంచి నవ్వుతూ వెళ్ళిపోయేవారు, మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక. నా భార్య అది గమనించి, ఒకరోజు కిరాణా కొట్లో రెండు కిలోల బియ్యం కొని వాళ్ళకు ఇవ్వబోయింది. ఇంటావిడ అడ్డుపడి, ఇలా కాదమ్మా, వండేటప్పుడు తీయాలి అని తన డబ్బాల్లోంచి ఒకటి కడిగి మా వంటగట్టు మీద పెట్టింది. ఆ తర్వాతి వారం నుంచి వాళ్ళు మా గుమ్మం దగ్గర కూడా ఆగారు. మాకు భాష రాదు, పాటలు రావు, ఆదివారం ఆరాధనలో చెప్పేది సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా ఆ డబ్బా వచ్చిన రోజు నుంచి ఆ వీధిలో మా సంగతి మారింది.

ఎంత మారిందో మా అమ్మ పోయినరోజు తెలిసింది. ఖమ్మం నుంచి సాయంత్రం ఫోను వచ్చింది. మర్నాటి దాకా విమానం లేదు. ఎవరు చెప్పారో తెలియదు, చీకటి పడేసరికి మా ముందుగది నిండిపోయింది. ఒకరు పెద్ద కెటిల్‌తో తేనీరు తెచ్చారు, ఇంకొకరు బల్లలు మోసుకొచ్చారు, ఒక కుర్రవాడు డోలు తెచ్చాడు. చావింట్లో కుటుంబాన్ని ఒంటరిగా వదలకూడదన్నది అక్కడి ఆచారం. మా అమ్మ పేరు కూడా తెలియని వాళ్ళు ఆ డోలు దరువుకు మెల్లగా పాడుతూ పొద్దుపోయేదాకా కూర్చున్నారు. మాకు ఓదార్పు మాటలు చెప్పే ప్రయత్నం ఎవరూ చేయలేదు. చెప్పినా మాకు అర్థమయ్యేది కాదనుకోండి.

అక్కడంతా స్వర్గమని నేను అనడం లేదు. బియ్యం పోగుచేసేది, అమ్మేది, లెక్క అప్పజెప్పేది స్త్రీలు. కానీ నేను వెళ్ళిన సంఘంలో ఆదివారం వేదిక మీద కూర్చునే పెద్దల వరుసలో మూడేళ్ళలో ఒక్క స్త్రీనీ చూడలేదు. ఆ విషయంలో మన వైపు కొంత ముందే ఉంది: దక్షిణ భారత సంఘంలో (సి.ఎస్.ఐ.లో) తొలి మహిళా బిషప్పుగా 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి (డయోసీసుకు) వచ్చిన ఇ. పుష్పలలిత గారు తెలుగువారే. ఆ మాటకొస్తే ప్రెస్బిటేరియన్ సంప్రదాయం మనకూ పరాయిది కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ భారత సంఘంలో ఆంగ్లికన్లు, మెథడిస్టులతో పాటు, 1908 నాటి ఐక్య సంఘం ద్వారా ప్రెస్బిటేరియన్లు కూడా కలిశారు.

పిడికెడు బియ్యమూ మనకు కొత్త కాదు. మా అమ్మ చిన్న కుండలో తీసిపెట్టిన బియ్యాన్ని ఆదివారం కొంగున కట్టుకుని చర్చికి తీసుకెళ్ళడం నేను చిన్నతనంలో చూశాను. మేమున్న చోట ఇప్పుడది లేదు. దాని స్థానంలో పేరు, మొత్తం రాసే కానుక కవర్లు వచ్చాయి. ఆరాధన చివర ఆ పేర్లన్నీ అంకెలతో సహా మైకులో చదువుతారు. పది రూపాయలు వేయగల ముసలమ్మ తన పేరు పదివేల వెనక వినబడుతుందన్న సిగ్గుతో కవరు తీసుకోవడమే మానేసింది. ఈ మాట ఆమే నాతో చెప్పింది. మిరపకాయలు ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వచ్చే కాలంలో, ఆదివారం వాళ్ళలో కొందరు మా చర్చి ప్రహరీ దగ్గర నిలబడి పాటలు వింటారు. లోపలికి రమ్మని మేము పిలుస్తాం, వాళ్ళు రారు. క్రిస్మస్‌కు దుప్పటి ఇస్తే పుచ్చుకుంటారు. ఆ గుంపులో డోలు అద్భుతంగా వాయించే మనిషి ఒకడున్నాడు. పొలం గట్టు మీద నేను చెవులారా విన్నాను. అతణ్ణి వచ్చి వాయించమని మాలో ఎవరూ, నాతో సహా, ఇంతవరకు అడగలేదు.

సంఘ పెద్దలకు నా విన్నపం ఇంతే: కవర్లు ఉంచండి, కానీ పేర్లు చదవడం ఆపండి, ఆ పక్కనే ఒక బియ్యం గంప పెట్టండి. మా సంఘంలోని మహిళా బృందమైన స్త్రీల మైత్రి వాళ్ళు వచ్చే నెల నుంచి ప్రయత్నిస్తామన్నారు, కానీ వాళ్ళకు సందేహాలు బోలెడు ఉన్నాయి. పురుగు పట్టకుండా ఎలా దాచాలి, రకరకాల బియ్యం కలిసిపోతే ఏ ధరకు అమ్మాలి, కొనేవాళ్ళెవరు, లెక్క ఎవరు రాయాలి? రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఈ అలవాటు నేటికీ సాగుతున్న సంఘాలుంటే, అక్కడివారు ఈ వివరాలను మీ పత్రిక ద్వారా తెలియజేస్తే మాకు ఎంతో ఉపయోగపడుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఖమ్మం