రేణిగుంట కంపెనీలోని మా అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది నన్ను చూసుండరు. ఎండాకాలమంతా మీరిచ్చిన రక్తంతో గట్టెక్కిన పిల్లల్లో ఒకరి తల్లిని.

మా పాపకు తలసేమియా మేజర్, అంటే ఒంట్లో సరిపడా మంచి రక్తం తయారుకాని పుట్టు జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రోజు దగ్గరపడే కొద్దీ ముఖం పాలిపోతుంది, అన్నం వద్దంటుంది, మిద్దె మెట్లెక్కితే ఆయాసపడుతుంది. ఎక్కించిన మరుసటి రోజు అదే పిల్ల వీధంతా పరిగెత్తుతుంది. ప్రభుత్వ రక్తనిధిలో తలసేమియా పిల్లల దగ్గర రక్తానికి డబ్బు తీసుకోరు. అయినా అక్కడ రక్తమే లేకపోతే ఎవరేం చేస్తారు? డబ్బిచ్చి మనుషుల దగ్గర కొనుక్కునే పద్ధతిని మన దేశంలో 1998లోనే నిషేధించారు, మంచిపనే చేశారు. ఎవరో ఒకరు మనసుపెట్టి ఇస్తేనే మా పిల్లలకు రక్తం.

తిరుపతిలో ఏప్రిల్, మే నెలలు మాకు గండం. కాలేజీలకు సెలవులిచ్చేస్తారు, రక్తదాన క్యాంపులు తగ్గిపోతాయి. పాపది ఓ పాజిటివ్, మామూలుగా దొరికే గ్రూపే. కానీ ఓ గ్రూపు వాళ్లకు వేరే గ్రూపు ఎర్రకణాలు ఎక్కించకూడదు. ఈసారి గంగజాతర దగ్గరపడిన రోజుల్లో, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి ఇక ఎవరిని అడగాలో తోచక కూర్చున్నాం. అప్పుడు మీ కంపెనీలో పనిచేసే మా వీధి అన్న ఒక మాటన్నారు: "టెన్షన్ పడొద్దమ్మా, మా షిఫ్టులో అడుగుతా."

ఆ సాయంత్రమే ఇద్దరొచ్చారు. తర్వాత మీరు చేసిన పని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

క్యాంపు పెడదామని మీరనుకున్నప్పుడు, అందరం ఒకేరోజు ఇచ్చేస్తామన్నారట. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా 35 నుంచి 42 రోజులే ఉంటాయని, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులేనని రక్తనిధి డాక్టర్ గారు చెప్పారు. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. అందరూ ఒక్కరోజే ఇచ్చేస్తే ఆ నెల గడిచిపోతుంది, తర్వాతి రెండు నెలలు మా పని మళ్లీ మొదటికే. అది విని మీరు షిఫ్టులవారీగా వంతులు వేసుకున్నారు. క్యాంటీన్ గోడ మీద ఆ లిస్టును నేను కళ్లారా చూశాను. పేరు, గ్రూపు, మళ్లీ ఇవ్వగలిగే తేదీ. ఇంతమంది ఇచ్చారని ఫోటో పెట్టుకోవడానికి ఒక్కరోజు క్యాంపు బాగుంటుంది. మూడు వారాలకోసారి చెయ్యి చాచే పిల్లలకు మాత్రం మీ వంతుల లిస్టే కావాలి.

నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన తమ్ముళ్లను నిద్ర చాలలేదని డాక్టర్ గారు పంపించేస్తే, వాళ్ల వంతుకు ముందు రోజు డే షిఫ్టు వేయించిన సూపర్‌వైజర్ గారికి ప్రత్యేకంగా దండాలు. ప్యాకింగ్‌లో పనిచేసే ఒక చెల్లెలి సంగతీ చెప్పాలి. వేలి నుంచి తీసిన బొట్టును నీలంరంగు ద్రావణంలో వేస్తారు. మునిగితే రక్తం ఇవ్వడానికి కావలసిన హిమోగ్లోబిన్, అంటే కనీసం 12.5, ఉన్నట్టు. ఆ పిల్ల బొట్టు మునగలేదు, పైనే తేలింది. కళ్లనీళ్లు పెట్టుకుంది పాపం. ఐరన్ మాత్రలు రాయించుకుని, వాడి, కొన్ని నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి బొట్టు గాజు గ్లాసు అడుగుదాకా దిగింది. నేను పక్కనే ఉన్నాను, ఆ చెల్లెలి ముఖం ఇప్పటికీ కళ్ల ముందుంది.

ఇక మా పిల్లల కోసం మీరు పెట్టిన పరుగు సంగతి. ఆదివారం తెల్లవారుజామున అలిపిరి రోడ్డులో, కపిలతీర్థం మీదుగా ఐదు కిలోమీటర్లు. అందరి గుండెల మీదా నంబరు బదులు బ్లడ్ గ్రూపు పెద్ద అక్షరాలతో కుట్టుంది. కొండకు నడిచిపోయే భక్తులు ఆగి అడిగి తెలుసుకున్నారు. ఆఫీసు మేడంలు, క్యాంటీన్ అవ్వలు, సెక్యూరిటీ అన్నలు, అందరూ ఫీజు కట్టే పరిగెత్తారు. ఆ డబ్బుతో మీరు మా వార్డు పిల్లలకు ఫిల్టర్లు, మందులు కొనిచ్చారు. దాత రక్తంలోని తెల్లకణాల వల్ల మా పాపకు చలిజ్వరం పట్టుకునేది. ఫిల్టర్ పెట్టి ఎక్కించడం మొదలైనప్పటి నుంచి ఆ వణుకు తగ్గింది. ఎక్కించే ప్రతి యూనిట్‌తో దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరి గుండెకు, కాలేయానికి పడుతుంది. దాన్ని బయటకు పంపే మాత్రలు రోజూ పరగడుపున వేయాలి. ఒక్క నెల కూడా ఆపకూడదు. ఆ ఖర్చు ఎంతటిదో మా ఇంట్లోవాళ్లకే తెలుసు.

ఎవరి రక్తం ఎవరికి ఎక్కిందో రక్తనిధిలో చెప్పరు. అందుకే మీలో ఒక్కొక్కరి పేరూ పెట్టి దండం పెట్టలేకపోతున్నాను. మీ రక్తం ఎక్కింది మా పాపకు కాక పక్క మంచం మీది బాబుకే అయినా, వాళ్లమ్మ తరఫున కూడా ఇవే నా దండాలు.

వచ్చే వంతు బి షిఫ్టు వాళ్లదని లిస్టులో చూశాను. టిఫిన్ తిని, నీళ్లు బాగా తాగి రండి. ఆ రోజు పాప వార్డులోనే ఉంటుంది. పనయ్యాక ఒకసారి పైకి వచ్చి చూసి పోండి, మా అమ్మ మీ అందరికీ ఉగ్గాణి చేసి పంపిస్తానంది.