ఛాతీ నొక్కే చేతులతో పాటు మానిటర్ చూసే కళ్లూ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గుండె ఆగిన మనిషికి సీపీఆర్ ఎలా చేయాలో చెబుతూ మీ ఆరోగ్యం పేజీలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగాలని, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలని చక్కగా రాశారు. రోడ్డు మీదో ఇంట్లోనో ఎవరైనా కుప్పకూలితే పక్కనున్నవాళ్లకు అది చాలు. ఇక్కడ నేను రాయబోయేదేదీ వాళ్లకు వర్తించదు. వాళ్లు ఏమీ ఆలోచించకుండా గట్టిగా నొక్కుతూ ఉండాలి, అంతే.

నన్ను ఆపింది వ్యాసం చివరి వాక్యం. ఆస్పత్రిలోనూ ఇదే పద్ధతి పాటిస్తారని రాశారు. ఐసీయూలో నర్సుగా పనిచేసే నాకు ఆ మాట అబద్ధమని అనిపించలేదు. నిజం కావడమే బాధ.

ఐసీయూ మంచం మీద ఉన్న మనిషికి చాలాసార్లు మణికట్టు ధమనిలో సన్నటి గొట్టం ఉంటుంది. మేం ఆర్ట్ లైన్ అంటాం. గుండె ప్రతి కొట్టుడుకూ బీపీ ఎంతో అది మానిటర్ మీద గీతగా, అంకెగా చూపిస్తుంది. వెంటిలేటర్ మీద ఉంటే బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో క్యాప్నోగ్రాఫ్ చెబుతుంది. గుండె ఆగి, మనం ఛాతీ నొక్కడం మొదలుపెట్టినా ఆ రెండూ పనిచేస్తూనే ఉంటాయి. అప్పుడవి చూపించేది రోగి గుండె బలం కాదు, మన నొక్కుడు ఎంతవరకు పనికొస్తోందో చూపిస్తాయి. ఇంత విలువైన సమాచారం కళ్ల ముందు ఉంటే మేం మొదట చేసే పని ఏమిటో తెలుసా? అలారం గోల భరించలేక ఎవరో ఒకరు మానిటర్ నోరు నొక్కేస్తారు. ఆ తర్వాత దాని వంక చూసేది రెండు నిమిషాలకోసారి, షాక్ ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికే.

ఎందుకు చూడాలో కాస్త వివరంగా చెప్తాను. గుండె కండరానికి రక్తం అందేది ప్రధానంగా నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. వదిలిన ఆ క్షణంలో మహాధమనిలో ఉన్న ఒత్తిడికీ, గుండె కుడి పై గదిలో ఉన్న ఒత్తిడికీ మధ్య తేడాయే గుండె కండరంలోకి రక్తాన్ని నెడుతుంది. 1990లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఆ తేడా ఒక్కసారి కూడా 15 మిల్లీమీటర్లకు (బీపీ కొలిచే పాదరసం లెక్కలో) చేరని రోగుల్లో ఒక్కరికీ గుండె తిరిగి కొట్టుకోలేదు. అంటే లోతు, వేగం పుస్తకంలో చెప్పినట్టే ఉన్నా, ఆ మనిషి శరీరంలో ఒత్తిడి పుట్టకపోతే మనం చేసేది వ్యాయామమే. బక్కపల్చటి ముసలామెకూ, భారీ ఛాతీ ఉన్న యువకుడికీ, రక్తం పోయి నాళాలు ఖాళీ అయిన రోగికీ ఒకే లోతు, ఒకే మందు, ఒకే గడియారం ఎలా సరిపోతాయి?

నేను చాలాసార్లు గమనించిన సంగతి ఒకటుంది. నొక్కడం మొదలైనప్పుడు ఆర్ట్ లైన్ గీత బాగా లేస్తుంది, కింది అంకె, అంటే డయాస్టాలిక్, ముప్పై దగ్గర ఉంటుంది. నిమిషం దాటేసరికి గీత పొట్టిదవుతుంది, అంకె ఇరవై కిందికి జారుతుంది. నొక్కుతున్న కుర్రాడిని అడగండి, 'అలిసిపోలేదు సిస్టర్, బాగానే చేస్తున్నా' అంటాడు. అబద్ధం ఆడడం లేదు, అతనికి తెలియదు. అలసట మొదట చేతులకు కాదు, మానిటర్‌కు తెలుస్తుంది. ఒక్కోసారి నొక్కి వదిలేటప్పుడు బరువంతా ఛాతీ మీదే ఆనించి ఉంచుతారు. దాంతో గుండెలోకి తిరిగి రావాల్సిన రక్తం రాదు, కింది అంకె పడిపోతుంది. మంచం పక్కన స్టూల్ వేసి మనిషిని మార్చినా, చేతులు కాస్త పక్కకు జరిపినా అంకె లేవడం చూడొచ్చు. మందు ఇవ్వకముందే.

మందు సంగతీ అంతే. రక్తనాళాలను బిగించి ఒత్తిడి పెంచే అడ్రినలిన్ 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అని రాసి ఉంది కాబట్టి గడియారం చూసి ఇస్తాం. బ్రిటన్‌లో ఆస్పత్రి బయట గుండె ఆగిన 8,000 మందికి పైగా రోగులతో చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. నెల తర్వాత బతికున్నవాళ్లు అడ్రినలిన్ ఇచ్చిన వాళ్లలో 3.2 శాతం, ఇవ్వని వాళ్లలో 2.4 శాతం. కానీ మెదడు బాగుండి ఇంటికి వెళ్లినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరికి ఒత్తిడి తక్కువగా ఉందో వాళ్లకు, అవసరమైనప్పుడు ఇస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న అక్కడి నుంచే బలపడుతుంది. ఫిలడెల్ఫియాలోని పిల్లల ఆస్పత్రి పరిశోధకులు పందుల మీద ఇదే చేసి చూశారు. ఒత్తిడి అంకెను బట్టి నొక్కుడు లోతునూ మందునూ మార్చినప్పుడు, స్థిర పద్ధతి కంటే ఎక్కువ జంతువులు బతికాయి.

మనుషుల్లో అంత తేలిగ్గా తేలలేదు. 2022లో ప్రచురితమైన అమెరికా ట్రయల్‌లో, పిల్లల ఐసీయూ సిబ్బందికి ఒత్తిడి లక్ష్యాలు పెట్టి మంచం పక్కనే తరచూ సాధన చేయించి, ప్రతి కేసునూ తర్వాత కూర్చుని చర్చించారు. మెదడు బాగుండి ఇంటికెళ్లిన పిల్లలు ఈ శిక్షణ ఉన్నప్పుడు 53.8 శాతం, లేనప్పుడు 52.4 శాతం. తేడా లేనట్టే. దీన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. కానీ ఆ ట్రయల్ పరీక్షించింది శిక్షణ పద్ధతిని. అంకె చూసి వైద్యం మార్చడం వృథా అని అది తేల్చలేదు. పైగా ఏడాది లోపు పసివాళ్లలో డయాస్టాలిక్ 25, అంతకంటే పెద్ద పిల్లల్లో 30 దాటి ఉంటే బతికే అవకాశం మెరుగ్గా ఉందని 2018లో మరో అధ్యయనం చూపించింది. పెద్దవాళ్లకు డయాస్టాలిక్ 25కి పైన, కార్బన్ డయాక్సైడ్ 20కి పైన ఉండేలా చూడమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణుల బృందం 2013లోనే చెప్పింది.

'అంత టెన్షన్‌లో అంకెలు చూసేదెవరు?' అని మా డాక్టర్లే అడుగుతారు. నిజమే, చేతిలో పని ఉన్నవాళ్లు చూడలేరు. అందుకే వేరే ఏ పనీ లేని ఒక మనిషిని మానిటర్ ముందు నిలబెట్టమంటున్నాను. సిరంజి పట్టుకోవద్దు, ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కొద్దు. అర నిమిషానికోసారి రెండు అంకెలు పైకి చదవాలి, గీత పడిపోతే అరిచి చెప్పాలి. క్యాప్నోగ్రాఫ్ అంకె తక్కువగా ఉంటే ముందు శ్వాసనాళంలో వేసిన ట్యూబ్ సరిగా ఉందో లేదో చూడమని గుర్తుచేయాలి. అంకె ఉన్నట్టుండి పైకి ఎగబాకితే గుండె మళ్లీ మొదలైందేమో చూడమనాలి. బ్యాగ్ మరీ జోరుగా నొక్కినా ఈ అంకె పడుతుంది, అది వేరే తలనొప్పి. ఇరవై నిమిషాలు చేసినా పదికి చేరకపోతే ఆశ తక్కువని అంటారు గానీ, ఆ ఒక్క అంకె చూసి చేతులెత్తేయకూడదు.

ఇందులో ఒక చిత్రం ఉంది. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి కొవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీ కోయకుండానే గుండెను నడిపించవచ్చని ప్రకటించారు కదా, అసలు ఆ ఆలోచన ఎలా పుట్టిందంటే, కుక్క ఛాతీ మీద కరెంటు షాక్ ఇచ్చే బరువైన ప్యాడిళ్లు అదిమినప్పుడల్లా ధమని ఒత్తిడి గీత కొంచెం లేవడం నికర్‌బాకర్ కంటపడింది. గీత చూస్తూ ఉన్నాడు కాబట్టి దొరికింది. ఆ పద్ధతిని మనం పుచ్చుకుని, గీతను మాత్రం వదిలేశాం.

ఆస్పత్రి యాజమాన్యాలకూ, సీపీఆర్ శిక్షణ ఇచ్చేవాళ్లకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం పెద్దదేమీ కాదు. శ్వాసనాళంలో గొట్టం వేసిన ప్రతి రోగికీ, అత్యవసర మందులూ పరికరాలూ ఉండే క్రాష్ కార్ట్ బండితో పాటే క్యాప్నోగ్రాఫ్ రావాలి. శిక్షణలో బొమ్మ ఛాతీతో పాటు ఆర్ట్ లైన్ గీత చదవడం కూడా నేర్పాలి. గుండె ఆగినప్పుడు మేం నింపే కాగితంలో మందు ఏ నిమిషంలో ఇచ్చాం, షాక్ ఏ నిమిషంలో ఇచ్చాం అన్న గళ్లు ఉన్నాయి. డయాస్టాలిక్‌కు ఒకటి, కార్బన్ డయాక్సైడ్‌కు ఒకటి, ఇంకో రెండు గళ్లు గీయించండి. రాయాల్సి వస్తే చూడక తప్పదు.

ఇట్లు,
ఒక ఐసీయూ నర్సు
(పేరు ప్రచురించవద్దని మనవి)