చచ్చిన లాబ్‌స్టర్‌కు తాజాదనం ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

విహార నౌకల భోజనాల గురించి ఇటీవల మీరు వేసిన వ్యాసం, ఓడలో పెట్టే లాబ్‌స్టర్ రబ్బరు ముక్కని, చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో కొన్నదే అసలు సరుకని తేల్చేసింది. రెండో మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

ఓడలో ఒకే రాత్రి వేలమందికి ఒకే వంటకం అందాలి. అన్ని లాబ్‌స్టర్లను ప్రాణంతో మోసుకెళ్లడం కుదరదు కనుక తోకలు మాత్రం గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల్లో దాస్తారు. పట్టిన వెంటనే తల తీసి గడ్డకట్టించిన తోకకు వంకపెట్టడానికేం లేదు. పాడయ్యేది వంటశాలలోనే. మంచు పూర్తిగా వదలకముందే గ్రిల్ కింద పెడితే పైన బిరుసెక్కుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. వండింది వేడి పెట్టెలో ఆగితే ఆ వేడికే ఇంకా ఉడికి బిగుసుకుపోతుంది. కాబట్టి మొదటి పంక్తిలోనే కూర్చోవడం మేలు.

ఇక మన రేవు సంగతి. రాళ్లలో తిరిగే ముళ్ల లాబ్‌స్టర్‌ను ఇక్కడ సింగి ఎరా అంటారు. వల ఈడ్చుకుపోయే మరపడవలకు (ట్రాలర్లకు) పడే బల్లపరుపు రకం ఇసుక లాబ్‌స్టర్. రెండింటికీ పెద్ద డెక్కలుండవు. మీరు వేసిన బొమ్మలో డెక్కలతో ఉన్నది అట్లాంటిక్ జాతి. ఏ రకమైనా చచ్చాక తలలోని జీర్ణగ్రంథి రసాలు తోకలోకి దిగి కండను పిండిపిండి చేస్తాయి. తలతో సహా పొద్దుటినుంచి ఐసులో పడున్న 'తాజా' లాబ్‌స్టర్ కంటే ఓడలో వడ్డించే తోకే నయం.

కొనేటప్పుడు వీపు పట్టుకుని ఎత్తండి. తోకను కిందికి ముడిచి టపటప కొట్టుకోవాలి. వేలాడేస్తే వద్దు. తోక కణుపుల మధ్య నల్లమచ్చలున్నా, ఘాటైన అమోనియా వాసన వచ్చినా బేరమే ఆడొద్దు. ఇంటికి తెచ్చేటప్పుడు తడి గోనెపట్టాలో చుట్టండి. నేరుగా ఐసు మీద పెడితే కరిగిన ఉప్పులేని నీళ్లకే అది చస్తుంది. చాలామంది డబ్బు ఇక్కడే నీళ్లపాలవుతుంది.

వండేముందు ఫ్రీజర్‌లో 20, 30 నిమిషాలు ఉంచితే మొద్దుబారుతుంది. లీటరు నీటికి 30 గ్రాముల ఉప్పు వేసి, నీళ్లు తెర్లుతుండగా లాబ్‌స్టర్‌ను అందులో వేయాలి. అరకిలో దానికి 8, 9 నిమిషాలు చాలు. తీసిన వెంటనే చల్లటి నీళ్లలో ముంచకపోతే పెంకులోని వేడికి ఉడుకుతూనే ఉంటుంది. తోక ముడుచుకునే ఉంటే బతికుండగా వండినట్టు. వాలిపోయిందంటే అనుమానించాల్సిందే, హోటల్ పళ్లెంలోనైనా సరే. తోకను మెలితిప్పి తలనుంచి విడదీశాక, ముళ్ల రకమైతే దాని మీసమే ఒక ముక్క విరిచి తోక చివరి రంధ్రంలో గుచ్చి తిప్పి లాగితే పేగు మొత్తం వచ్చేస్తుంది. అరకిలోలో చేతికొచ్చే మాంసం 200 గ్రాముల లోపే. ధర అడిగేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

వేపుడు చేయదలిస్తే మిరియాలు, చిన్నుల్లి, కరివేపాకు వేగాక ఆఖరి నిమిషంలో ముక్కలు కలపండి చాలు. నెల్లూరు పులుసులో వేస్తే దానికీ మామూలు రొయ్యకూ తేడా తెలియదు. అంత డబ్బు పోసి పులుసు ఎందుకు?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ట్రాలర్లు వేటకు వెళ్లవు. మే నెలలో ఇసుక లాబ్‌స్టర్ రాశులుగా పోసి 'ఇవాళ్టి వేట' అంటే ఏ పడవ తెచ్చిందో అడగండి. పొట్ట కింద నారింజరంగు గుడ్లున్న ఆడదాన్ని మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా కొనొద్దు.  కేంద్రం నిబంధన ప్రకారం, ఇక్కడ ఎక్కువగా కనిపించే ముళ్ల రకం ఎగుమతి కావాలంటే కనీసం 200 గ్రాములుండాలి, ఇసుక లాబ్‌స్టర్ 150. మన సంచిలోకి వచ్చేదానికీ అదే కొలత పాటిద్దాం.

– ఒక పాఠకుడు, రాయపురం, చెన్నై