విద్యార్థుల మధ్య సువార్త పరిచర్య: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు. గడిచిన సంవత్సరంలో మన సంఘం చేపట్టిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. ప్రార్థన కూడికలు, వారాంతపు బైబిలు అధ్యయనాలు, సెలవుల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల వివరాలను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని ఒకే విషయానికి కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. కళాశాల విద్యార్థులతో మన విశ్వాసం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనలో చాలామందికి నోరు పెగలదు. ఆ బెరుకును దాటడానికి ఈ ఏడాది మనం ఏం చేశామన్నదే ఆ విషయం.

ఏడాది మొదట్లో జరిగిన సమావేశంలో ఈ మాట ఎత్తినవారు విద్యార్థి సభ్యులే. పరీక్షల గురించి, ఇంటి బెంగ గురించి, ఉద్యోగాల గురించి స్నేహితులతో గంటలకొద్దీ మాట్లాడగలిగినా, యేసు పేరు ఎత్తేసరికి గొంతు మారిపోతుందని, మతం మార్చడానికే ఇన్నాళ్లూ స్నేహం చేశారనుకుంటారేమోనన్న భయం వెనక్కి లాగుతుందని వారు చెప్పారు. పెద్దల ఇబ్బంది మరొకటి: చదువుకుంటున్న పిల్లల ప్రశ్నలకు జవాబు తోచకపోతే చులకనైపోతామేమోనని. కార్యవర్గం ఈ రెండింటినీ విశ్వాసలోపంగా చూడలేదు. కొరింథీయుల మధ్య తాను బలహీనతతో, భయంతో, ఎంతో వణకుతో ఉన్నానని అపొస్తలుడైన పౌలే వారికి రాసిన మొదటి పత్రిక 2:3లో చెప్పాడు. 1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఆరుబయట ప్రసంగించమని తోటి బోధకుడు జార్జ్ విట్‌ఫీల్డ్ కోరినప్పుడు, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ ఎంతగానో సంకోచించాడు; ఆలయం వెలుపల ఆత్మలు రక్షింపబడడమే దాదాపు పాపమనిపించేటంతగా పద్ధతికి కట్టుబడిన మనిషి ఆయన. ఆ సంకోచం ఉండగానే వెళ్లి బోధించాడు.

కరపత్రాలు పంచడం, వక్తను పిలిచి సభ పెట్టడం మనకు అలవాటైన పనులు. వాటి విలువ వాటికి ఉంది, అవి ఆగవు. అయితే ముఖపరిచయం లేనివారి చేతిలో కాగితం పెట్టడం వచ్చినంత మాత్రాన, రోజూ కలిసే స్నేహితుడితో మనసు విప్పడం రాదు. అందుకే అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయాన్ని ఈ ఏడాది నిదానంగా చదివాము. ఏథెన్సులో పౌలు నోరు తెరవకముందు ఊరంతా తిరిగి చూశాడు, వారి బలిపీఠం మీది రాతను చదివాడు, వారి కవుల మాటలనే ఎత్తి చెప్పాడు. చివరకు కొందరు అపహాస్యం చేశారు, కొందరు మరోసారి వింటామన్నారు, దియొనూసి, దమరి మొదలైన కొందరు విశ్వసించారు. పౌలంతటివాడికే స్పందన మూడు విధాలుగా ఉన్నప్పుడు, ప్రతి సంభాషణా ఒక నిర్ణయంతో ముగియాలన్న బరువును మనం మోయనక్కర లేదు. నా దృష్టిలో మన బెరుకులో పెద్ద భాగం ఈ బరువు నుంచే పుడుతుంది.

తరువాత ఇద్దరిద్దరుగా కూర్చొని సంభాషణను అభ్యసించాము. ఒకరు విద్యార్థిగా, మరొకరు తామే అయి మాట్లాడాలి. ఇందులో అందరికీ కష్టమైంది మౌనం. “దేవుడి గురించి నువ్వేమనుకుంటావు?” అని అడిగినవారు, ఎదుటి వ్యక్తి ఆలోచించేలోపే తమ ప్రశ్నకు తామే జవాబు చెప్పుకుంటూ పోయారు. ప్రశ్న అడిగి, చేతులు ఒడిలో పెట్టుకొని, ఎదుటివారు మాట్లాడేవరకు ఆగడం నేర్చుకోవడానికే చాలా వారాలు పట్టింది. జవాబు తెలియనప్పుడు “నాకు తెలియదు, తెలుసుకొని చెబుతాను” అనడం, అన్నట్టుగానే తెలుసుకొని మళ్లీ వెళ్లడం కూడా అభ్యాసంలో భాగమే. బాధ ఎందుకు ఉంది, విజ్ఞానశాస్త్రానికీ విశ్వాసానికీ పొత్తు కుదురుతుందా, క్రైస్తవుల మాటకూ నడతకూ ఎందుకింత దూరం అన్న ప్రశ్నలే ఎక్కువగా ఎదురయ్యాయి. మూడవదానికి వాదనతో జవాబు చెప్పలేము.

హాస్టల్లో ఉంటున్న ఒక సహోదరి అనుభవాన్ని ఆమె అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. “నేను ప్రతి ఆదివారం పొద్దున్నే ఎక్కడికి వెళ్తానో చెప్పమంటావా? వద్దంటే ఏమీ అనుకోను” అని ఆమె తన గదిలో ఉండే అమ్మాయిని అడిగింది. “ఎప్పటినుంచో అడుగుదామనుకుంటున్నాను, నువ్వేమనుకుంటావోనని ఊరుకున్నాను” అని ఆ అమ్మాయి అన్నది. బెరుకు రెండు వైపులా ఉంటుందని ఈ మాట విన్నాక మనలో చాలామందికి అర్థమైంది. ముందుగా అనుమతి అడగడం, వద్దనే స్వేచ్ఛను ఎదుటివారికి నిజంగా ఇవ్వడం మన సభ్యులకు అన్నిటికంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చాయి.

ఇలా మొదలైన కొన్ని సంభాషణలు మార్కు సువార్తను కలిసి చదవడం దాకా వచ్చాయి. నాలుగు సువార్తలలో ఇదే చిన్నది, పదహారు అధ్యాయాలు. పైగా ఈయన ఎవరు అన్న ప్రశ్నను శిష్యులే 4:41లో వేస్తారు, 8:29లో యేసే తిరిగి వారిని అడుగుతాడు, కాబట్టి చదివేవారి మీద మనం వేరే ప్రశ్నలు రుద్దనవసరం లేదు. ఈ బృందాలలో ప్రార్థన చేయమని ఎవరినీ అడగలేదు. తాను నమ్ముతున్నానని, తన అపనమ్మకం విషయంలో సహాయం చేయమని 9:24లో వేడుకున్న, కొడుకు స్వస్థత కోసం వచ్చిన తండ్రి దగ్గర విద్యార్థులు ఆగిపోయారు. ఇలా మాట్లాడేవాణ్ణి కూడా యేసు పంపించివేయలేదా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ సాయంత్రం తరువాతి వచనానికి వెళ్లలేదు. కొందరు కొన్ని వారాలు వచ్చి మానేశారు. వారితో స్నేహం కొనసాగించమని, రాకపోవడానికి కారణం నిలదీయవద్దని సభ్యులను కోరాము.

పరిచర్య హద్దులను కూడా కార్యవర్గం రాతపూర్వకంగా నిర్ణయించింది. చదువులో సహాయానికీ వస్తుసహాయానికీ విశ్వాసంతో ముడిపెట్టరాదు. ఇతర విశ్వాసాలను కించపరచరాదు. విద్యాసంస్థ అనుమతి లేనిచోట సమావేశాలు జరపరాదు. దుఃఖంలో, ఒంటరితనంలో ఉన్నవారి బలహీనతను ఆసరాగా తీసుకొని తొందరపెట్టరాదు. 1 పేతురు 3:15 మన నిరీక్షణకు, అంటే మనలోని ఆశకు, హేతువు అడిగేవారికి సాత్వికంతో, భయభక్తులతో జవాబు చెప్పమంటున్నది. ఆ సాత్వికం లేని సాక్ష్యం సంఘం పేరిట జరగకూడదని మా గట్టి అభిప్రాయం.

వచ్చే సంవత్సరం అభ్యాస కూడికలను పెద్దలకూ తప్పనిసరి చేయాలని, మార్కు సువార్త బృందాలను నడిపించేవారికి ముందుగా శిక్షణ ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాము. వీటిలో పాల్గొనదలచినవారు, తమ ఇంటిలో బృందానికి చోటు ఇవ్వగలవారు సర్వసభ్య సమావేశంలోగా తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి