చిత్రకారుడు పోయిన ఇంట్లో మొదట కావాల్సింది ఒక లాంగ్ నోట్‌బుక్కు

సంపాదకుల గారికి,

అయ్యా,

హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టర్లుగా పనిచేసినవారు, సైన్‌బోర్డులు రాసినవారు, నాటక సమాజాలకు తెరలు రాసిచ్చినవారు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో ఉన్నారు. బతుకుదెరువు పని అయ్యాక, రాత్రిళ్లు సొంతానికి నీటిరంగుల్లో, నూనెరంగుల్లో వందల బొమ్మలు వేసుకున్నారు. మనిషి పోయాక ఇంటికి వెల్ల వేయించేటప్పుడో, అన్నదమ్ములు పంచుకునేటప్పుడో ఆ బొమ్మలు అటకెక్కుతాయి. అక్కణ్నుంచి పాత సామాన్లవాడి బండెక్కుతాయి. వాటికోసం తాపత్రయపడేది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లే: భార్య, కూతురు, కోడలు. ఏది ముందు చేయాలో, ఏది అసలు చేయకూడదో చెప్పేవారు లేక వాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో పేరు అందరికీ తెలుసు. ఆ పేరు నిలబెట్టిన మరదలి పేరు మనలో చాలామందికి తెలియదు. విన్సెంట్ 1890 జూలై 29న చనిపోయాడు. ఆయన్ని పోషించిన తమ్ముడు థియో ఆరు నెలలు తిరక్కుండానే, 1891 జనవరి 25న పోయాడు. థియో భార్య జొహన్నాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, ఒళ్లో ఏడాది నిండని కొడుకు, పారిస్ ఇంట్లో ఎవరూ కొనని వందల కాన్వాసులు. ఆమె చిత్రకారిణి కాదు, ఇంగ్లీషు టీచరు. బొమ్మలన్నిటినీ నెదర్లాండ్స్‌లోని బుస్సుమ్ ఊరికి తరలించి, అద్దె గదులిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడుపుతూ, 1925లో చనిపోయేదాకా ఈ పని మీదే ఉంది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు కూడా సరిగ్గా అదే 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయారు. ఆయన బొమ్మలు ఈరోజు అక్కడి చిత్రశాలలో చూడగలుగుతున్నాం. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు తామూ చిత్రకారిణులే. పోయినవారి బొమ్మలు నాలుగు దిక్కులా పోకుండా ఒకచోట నిలవడమంటే ఏమిటో తెలియాలంటే ఆ చిత్రశాలకు వెళ్లి చూడాలి.

జొహన్నా దగ్గర నేర్చుకోవలసిన మొదటి సంగతి జాబితా. థియో పోయిన కొత్తల్లోనే ఆమె అన్న ఆంద్రీస్, థియో ఇంట్లో ఉన్న బొమ్మలకు వరుస నంబర్లు వేసి 364 రాశాడు. ఆ తర్వాత అమ్మిన ప్రతి బొమ్మనూ ఆమె, పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలు ఇంటి ఖర్చులు రాసుకున్న జమాఖర్చుల పుస్తకంలోనే రాసుకుంటూ పోయింది: ఎవరికి, ఎంతకు, ఎప్పుడు. ఏ బొమ్మ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ఇవాళ చెప్పగలుగుతున్నారంటే చాలావరకు ఆ పుస్తకం పుణ్యమే. జాబితాలోకి ఎక్కనివి ఏమయ్యాయో కూడా ఆ కుటుంబంలోనే ఉంది. విన్సెంట్ తల్లి బ్రెడాలో ఇల్లు మారుతూ ఒక వడ్రంగి దగ్గర వదిలేసిన పెట్టెల్లోని తొలినాటి బొమ్మలు చివరికి పాత సామాన్లవాడి చేతికి చేరాయి. కొన్ని చిల్లరకు అమ్ముడుపోయాయి, కొన్ని నాశనమయ్యాయి.

కాబట్టి ఫ్రేములు కట్టించడానికి, ఎగ్జిబిషన్‌కు, ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ముందు ఒక గట్టి అట్ట లాంగ్ నోట్‌బుక్కు కొనండి. దొరికిన వరుసలోనే నంబరు వేయండి, మంచివి ముందు రాద్దామని ఏరుతూ కూర్చుంటే పని ముందుకు సాగదు. ఒక పద్దు ఇలా ఉంటే చాలు: ‘47. రేవులో పడవలు. కాగితం, నీటిరంగులు. ఎత్తు 27, వెడల్పు 37.5 సెం.మీ. కుడి కింద సంతకం, 78 అని అంకె. ఎడమ పై మూల తడి మరక, నడిమధ్య మడత. ముందుగది ఇనప బీరువా, రెండో అర.’ పేరు లేని బొమ్మకు మీరు పేరు పెట్టకండి, కనబడేది రాయండి. ఏడాది తెలియకపోతే ఖాళీ వదలండి. ఇప్పుడు అందాజుగా రాసిన అంకెనే పదేళ్ల తర్వాత అందరూ నిజమనుకుంటారు. బొమ్మ వెనక నంబరు మెత్తటి 2బి పెన్సిల్‌తో, ఓ అంచున, ఒత్తకుండా వేయాలి. బాల్‌పెన్ గాడి ముందుకు తేలుతుంది, మార్కర్ సిరా కాలక్రమాన కాగితం దాటి రంగులోకి దిగుతుంది. కాన్వాసైతే గుడ్డ మీద వద్దు, వెనక చెక్క మీద వేయండి.

ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. ఎండ నేరుగా పడని వరండాలో ఉదయం తొమ్మిది, పది గంటల వెలుగు చాలు. బొమ్మను గోడకు ఏటవాలుగా ఆనిస్తే ఫోన్‌ను కూడా అంతే ఏటవాలుగా పట్టాలి, లేదంటే నాలుగు మూలలు సమంగా రావు. పక్కన స్కేలు, నంబరు చీటీ పెట్టండి. ముందొకటి, వెనకొకటి, సంతకం దగ్గరగా ఒకటి. వెనక వైపు ఎవరూ తీయరు, అసలు సమాచారం ఉండేది అక్కడే: పోటీకి పంపిన లేబుల్, రంగుల కొట్టు ముద్ర, పెన్సిల్‌తో వేసుకున్న మొదటి చిత్తు. ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లో రెండు వేరు ఇళ్లలో ఉండాలి.

దినకర్మలకు వచ్చిన బంధువులు ‘గుర్తుగా ఒకటి’ అని పట్టుకెళ్లడం మన దగ్గర మామూలే. వద్దనడం కష్టం. ఫొటో తీసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టించుకుని ఇవ్వండి. తప్పుగా అనుకునేవాళ్లు అనుకుంటారు. అయినా ఈ విషయంలో మొహమాటం పనికిరాదని మా నిశ్చితాభిప్రాయం.

ఇక వాతావరణం. కావలి, కొత్తపట్నం, నెల్లూరు లాంటి చోట్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే గోడలు చెమరుస్తాయి. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే కాగితం మీద ఫంగస్ లేస్తుంది. చాలా ఇళ్లలో చేసే పొరపాటు, బొమ్మల్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అంచులు టేపుతో మూసేయడం. బయటి తడి లోపలికి రాదు కానీ లోపలి తడి బయటికి పోదు, కవరే బూజును పెంచుతుంది. పాత ఉతికిన నూలు పంచెలో చుట్టి, ఇనప బీరువాలో, గోడకు నాలుగంగుళాల ఎడంగా, కింది అర వదిలేసి పెట్టండి. చెదలు ఎక్కేది గోడ వెంటే. బీరువాలో సిలికా జెల్ సంచులు వేస్తే, నీలం గులాబీ రంగుకు తిరిగినప్పుడు తీసి వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. కలరా ఉండలు బొమ్మల మధ్య పెట్టవద్దు, ఆ ఆవిరి కొన్ని వార్నిష్‌లను మెత్తబరుస్తుంది. వేపాకైతే పూర్తిగా ఎండినది, గుడ్డసంచిలో కట్టి, కాగితానికి తగలకుండా పెట్టాలి. పచ్చి ఆకు తనే తేమ తెస్తుంది.

బూజు పట్టినదాన్ని ముందు మిగతావాటి నుంచి విడిగా తీయండి. తడిగుడ్డతో తుడిస్తే అది పొరల్లోకి దిగుతుంది, ఎండలో పెడితే రంగు వెలిసి కాగితం మెలికలు పోతుంది. నీడలో, గాలి ఆడేచోట పూర్తిగా ఆరనిచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపాలి. నూనెరంగుల బొమ్మ మెరవాలని కొబ్బరినూనె రాయడం, సబ్బునీళ్లతో తుడవడం మరీ చేటు. నూనె దుమ్ము పట్టి జిగటగా తయారవుతుంది. నీళ్లు పగుళ్లలోంచి దిగి కింది గుడ్డను బిగదీస్తాయి, పైన రంగు పెళ్లలుగా లేస్తుంది.

ఫ్రేములు కట్టేవారితో ఎదురుగా నిలబడి చేయించాలి. ఉన్న అద్దం సైజుకు సరిపడేలా బొమ్మ అంచు కత్తిరించడం చూస్తూనే ఉన్నాం. ఆ అర అంగుళంలోనే సంతకం పోతుంది. ప్లైవుడ్‌కు ఫెవికాల్ పూసి అంటిస్తే తర్వాత ఏ నిపుణుడూ క్షేమంగా విడదీయలేడు. లామినేషన్, సెల్లోటేపు ఎప్పుడూ వద్దు. అద్దం బొమ్మకు తగలకూడదు, మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల మౌంటు (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం) ఉండాలి, లేదంటే వానాకాలంలో రంగు అద్దానికి అతుక్కుంటుంది. వెనక యాసిడ్ ఫ్రీ బోర్డు (ఆమ్లం లేని అట్ట) దొరక్కపోతే తెప్పించుకునేదాకా ఆగండి. మామూలు అట్ట కొన్నేళ్లకే కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది.

నాటకాల తెరల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇవి తక్కిన బొమ్మలకన్నా వేగంగా పోతున్నాయి. రాజదర్బారు, అరణ్యం, వీధి తెరల్ని మన పెయింటర్లు పొడి రంగుల్లో వజ్రం (పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు) కాచి కలిపి గుడ్డ మీద వేశారు. వజ్రం నీటికి కరుగుతుంది. అంటే వాన జల్లు పడితే రంగు జారుతుంది, తడిబట్ట తగిలితే ఊడుతుంది. పాతబడితే వజ్రం పట్టు తప్పి, చెయ్యి పెడితే రంగు పొడిగా వేళ్లకు అంటుకుంటుంది. ఇలాంటి తెరను మడతపెడితే ప్రతి మడత దగ్గరా గీతలా రాలిపోతుంది. దులపకండి, ఇస్త్రీ చేయకండి. నేలమీద శుభ్రమైన దుప్పటి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, తెరను రంగు వైపు కిందికి ఉంచి పరిచి, కనీసం ఆరంగుళాల వ్యాసం ఉన్న పీవీసీ గొట్టానికి తెల్లగుడ్డ చుట్టి, రంగు వైపు బయటికి వచ్చేలా వదులుగా చుట్టండి. రంగు లోపలికి పెట్టి చుడితే పొర నొక్కుకుపోయి, విప్పినప్పుడు చిట్లుతుంది. నూనెరంగుల కాన్వాసుకూ ఇదే నియమం. న్యూస్‌పేపర్ మాత్రం మధ్యలో పెట్టకండి, అచ్చు సిరా దిగుతుంది. గొట్టాన్ని నిలబెట్టకుండా, రెండు కొసలూ ఆనేలా పడుకోబెట్టాలి.

బొమ్మలతో పాటు కాగితాలు. విన్సెంట్ ఉత్తరాలకు చాలావాటికి తేదీల్లేవు. జొహన్నా వాటిని ఏళ్ల తరబడి వరుస పెట్టి 1914లో అచ్చు వేయించింది. ముందే వేయించగలిగీ ఆగింది, బొమ్మల విలువ తెలియకముందే మనిషి మీద ఆసక్తి పుట్టించడం న్యాయం కాదనుకుంది. మన ఇళ్లలో స్కెచ్ పుస్తకాలు, శుభలేఖల వెనక వేసిన చిత్తులు, రంగుల కొట్టు బిల్లులు, పోటీల సర్టిఫికెట్లు ఉంటాయి. స్కెచ్ పుస్తకం చించి మంచి పేజీలు ఫ్రేము కట్టించవద్దు. తుప్పుపట్టే పిన్నులు, జెమ్ క్లిప్పులు తీసేయండి, వరుస మాత్రం చెడగొట్టకండి.

అమ్మకం సంగతి. జొహన్నా అన్నీ దాచుకోలేదు, అన్నీ అమ్ముకోనూ లేదు. ఎగ్జిబిషన్లలో అమ్మకానికి లేనివాటిని అమ్మేవాటి మధ్య వేలాడదీసేది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం గదులు తనే అద్దెకు తీసుకుని 480కి పైగా బొమ్మలు పెట్టింది. పొద్దుతిరుగుడు పూల బొమ్మల్లో ఒకదాన్ని ఎంతకాలమో వదులుకోక, 1924లో లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మింది, అది అందరూ చూసే చోటని. మిగిలినవాటిని కొడుకు నిలబెట్టుకోవడం వల్లే 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం తెరుచుకుంది. మన కుటుంబాలూ ఒక్కో కాలం నుంచి, ఒక్కో పద్ధతి నుంచి మేలైనవి రెండేసి ముందే పక్కన పెట్టి, ఆ తర్వాతే అమ్మకం మాట ఎత్తాలి. కొనేవాడు ముందు అడిగేది వాటినే.

చట్టం ఒక్కమాటలో: చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ వారసులది. 1990లో పోయినవారిది 2050 చివరిదాకా. బొమ్మ అమ్మినంత మాత్రాన దాన్ని క్యాలెండర్ మీద అచ్చేసే హక్కు అమ్మినట్టు కాదు. కానీ డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న బొమ్మ మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవారిదే.

చివరిగా నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాల బాధ్యులకు ఒక విన్నపం. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం, మొన్నటిదాకా ప్రకాశంలోనే ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరింది, పాత పత్రికల్ని దాచి ఎందరికో ఆధారమైంది. ఆ స్థాయి పని అడగడం లేదు. నెలకొక రోజు ఒక గది, ఒక పెద్ద బల్ల, పైనుంచి ఫొటో తీయడానికి ఒక స్టాండు, స్కానర్ ఇవ్వండి. కుటుంబాలు తెచ్చిన జాబితా పుస్తకానికి ఒక నకలు తీసి, చిత్రకారుడి పేరు మీద గ్రంథాలయంలో ఉంచండి. బొమ్మలు వాళ్ల ఇళ్లలోనే ఉంటాయి. నంబర్లు వేయడం, ఫొటో తీయడం, తెరలు చుట్టడం దగ్గరుండి చూపించడానికి మేము వస్తాం, పైసా అక్కర్లేదు. ముసురు మొదలయ్యేలోపు, సెప్టెంబరులోనే ప్రారంభిస్తే ఈ ఏటి వానలకు పోయేవి కొన్నయినా మిగులుతాయి.

ఇట్లు,
కొందరు విశ్రాంత డ్రాయింగ్ మాస్టర్లు,
ఒంగోలు.